బెంచి మీద రెక్కలాయన

“జైల్లోంచి వదిలిన మనిషికి మనింట్లో గదేంటమ్మాయ్?” అంది బాలనాగమ్మ.

ఆ మాట అనడానికి ఆవిడ ఎంచుకున్న చోటు గుమ్మం. సింగపూర్‌లో యూ టీ అనే పేటలో ఎనిమిదో అంతస్తు ఫ్లాటు అది. రాకపోకలన్నీ ఆ ఒక్క గుమ్మంలోంచే. దానికి అడ్డంగా ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంది. గుమ్మానికున్న ఇనపకమ్మీల గేటుకి అవతల కారిడార్లో ఒక జత ఫుట్‌బాల్ బూట్లు, ఒక చేతిసంచీ ఉన్నాయి. వాటిని బయటపెట్టింది ఆవిడే. పెట్టి, చేతులు శుభ్రంగా కడుక్కుని మరీ వచ్చి కూర్చుంది.

కోడలు అరుణ వంటింటి కిటికీ దగ్గర బట్టలారేస్తోంది. వెదురు గడకి మొగుడి చొక్కాలు వరసగా గుచ్చి, గడని కిటికీ బయట గోడకి బిగించిన గొట్టంలోకి దూర్చబోతూ ఆగిపోయింది.

“జైలని ఎవరన్నారు అత్తయ్యా?”

“ఆయనే అన్నాడు. నిన్న సందేళ ఫోన్లో వాళ్ళావిడతో మాట్లాడేడు కదా. నేనిక్కడే కూర్చుని వత్తులు చేసుకుంటన్నాను. రిలీజు, రిలీజు అని నాలుగైదుసార్లన్నాడు. నాకు ఇంగ్లీషు రాదు గానీ చెవులున్నాయి.”

“రిలీజంటే జైలేనా?”

“నీ కూతుర్నే అడిగేను.”

పదేళ్ళ రుచిత సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని చదువుకుంటోంది. పుస్తకంలోంచి తలెత్తకుండానే, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర ‘లా’ తగిలించి చెప్పింది. “ప్రిజనర్ బయటికొస్తే రిలీజ్డ్ అంటారు మమ్మీ. న్యూస్‌లో చెప్తారు లా. నానమ్మ మీనింగ్ అడిగింది, నేను మీనింగ్ చెప్పాను. ఎవరు రిలీజ్డ్ అని షీ నెవర్ సే.”

వేరే ఏ వారమైనా అయితే అరుణకి నవ్వొచ్చేది. ఈ వారం ఆ ఇంట్లో నవ్వు రావడానికి చోటు లేదు.

పోయిన ఆదివారం మొగుడు జనార్దన్ ‘డబ్లిన్’ అన్నాడు, అరుణ ‘నేను రాను’ అంది. ఆ రెండు మాటల తర్వాత మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడం మానేశారు. ఏదైనా కావాలంటే రుచితతో కబురు పంపుకుంటున్నారు. ఆ పిల్ల దాన్ని సగం ఇంగ్లీషు చేసి అందిస్తోంది.

పెళ్ళయ్యాక అరుణ ‘రాను’ అనడం అదే మొదటిసారి. హైదరాబాదులో కాలేజీ ఉద్యోగం వదిలి పుణె వెళ్ళింది. పుణెలో మందుల కంపెనీ ల్యాబు వదిలి జకర్తా వెళ్ళింది. జకర్తాలో ఉద్యోగమే దొరకలేదు కనక వదిలే బాధ లేకుండా కౌలాలంపూర్ వెళ్ళింది. అక్కడి స్కూలు వదిలి సింగపూర్ వచ్చింది. ఇక్కడ స్థిరంగా ఉండటానికి పీఆర్ వచ్చింది, ఫ్లాటు కొనుక్కున్నారు, ఆర్నెల్ల కిందట జురాంగ్ ఐలాండ్‌లో ఓ ప్లాంటు ల్యాబులో ఆవిడకి ఉద్యోగం దొరికింది. వచ్చే సోమవారం పర్మనెంటు చేస్తామన్నారు. ఆ సోమవారం కోసం ఎంత ఎదురుచూస్తోందో అరుణ ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే మళ్ళీ ఏదో ఊరి పేరు వినాల్సి వస్తుందని భయం. చెప్పకపోయినా వినాల్సి వచ్చింది.

ఇక బూట్ల మనిషి సంగతి. పేరు లెస్ హార్డ్‌విక్. ఇంగ్లండులో గ్రిమ్స్‌బీ అనే చేపల రేవు అతని ఊరు. వయసు ముప్ఫై ఆరు, వృత్తి ఫుట్‌బాల్ ఆడటం. ఇక్కడి లీగులో ఆడే ఒక జట్టు పిలిపించుకుంటే కొత్త ఏడాది మొదట్లో వచ్చి, వీళ్ళింట్లో గది అద్దెకి తీసుకున్నాడు. వచ్చిన రోజే బాలనాగమ్మ “ఏం చేస్తాడే ఈయన?” అని మనవరాల్ని అడిగింది. “వింగర్, నానమ్మా.” “అంటే?” “వింగ్ అంటే రెక్క.” అంతే, ఆ పూట నుంచి ఆవిడకి అతను రెక్కలాయన. రెక్కలాయన స్నానానికెళ్ళేడు, రెక్కలాయన పెసరట్లు మూడు తిన్నాడు, రెక్కలాయనకి మోకాలు వాచింది. మోకాలికి పసుపూ సున్నం కలిపి పట్టు వేసింది కూడా ఆవిడే. అంత చేసిన మనిషి జైలు పక్షి అని తేలేసరికి ఆవిడకి కోపం కంటే పరువు నష్టం ఎక్కువగా తోచింది.

గది తలుపు తెరుచుకుంది. లెస్ కుంటుకుంటూ హాల్లోకి వచ్చాడు.

“మార్నింగ్, నానమ్మా,” అన్నాడు. రుచిత అలా పిలవడం విని, ఆవిడ పేరే అదనుకుంటున్నాడు పాపం.

బాలనాగమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది. లెస్ ఆవిణ్ణి చూశాడు, గేటు అవతల తన బూట్లు చూశాడు. అద్దె ఇంట్లో బూట్లు బయటికెళ్ళడం అతనికి కొత్త కాదేమో, ఏమీ అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని మోకాలు చాపుకున్నాడు.

అరుణ గడని కిటికీలోంచి బయటికి దూర్చి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇక్కడి నుంచి అతనూ ఆవిడా మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. మనం తెలుగులో వింటే నష్టమేమీ లేదు.

“లెస్, ఒకమాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీరెప్పుడైనా జైలుకెళ్ళారా?”

లెస్ ఆలోచించాడు. అదీ విచిత్రం, ఆ ప్రశ్నకి ఆలోచించాడు.

“ఫిన్లాండులో వెళ్ళాను. ఆడటానికి. ఖైదీల జట్టుతో స్నేహపూర్వకంగా మ్యాచి పెట్టారు. వాళ్ళే గెలిచారు.”

“వెళ్ళాడట, నానమ్మా,” అంది రుచిత, సోఫాలోంచి.

బాలనాగమ్మ ‘చూశావా’ అన్నట్టు కోడలి వంక చూసింది. అరుణ కూతురి వంక చూసింది. రుచిత పుస్తకంలోకి వెళ్ళిపోయింది.

“అది కాదు. నిన్న ఫోన్లో రిలీజ్ అన్నారట కదా. మా అత్తగారు విన్నారు.”

లెస్ ఒకసారి స్టూలు వైపు, ఒకసారి బూట్ల వైపు చూశాడు. అప్పటికి అర్థమైంది. పెద్దగా నవ్వలేదు. పెదవి చివర చిన్నగా కదిలింది, అంతే.

“క్లబ్బు నన్ను రిలీజ్ చేసింది. అంటే ఇక నువ్వొద్దు అన్నారు. మా దగ్గర అదే మాట వాడతారు. ఒకచోట సైన్ చేయించుకుంటారు, కొన్నాళ్ళకి రిలీజ్ చేస్తారు. ఇంకోచోట సైన్ చేస్తాం, వాళ్ళూ రిలీజ్ చేస్తారు. పదిహేడేళ్ళప్పుడు మొదలుపెట్టాను. ఈ రెండు మాటలు తప్ప నా బతుకులో రాసుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. నిన్నటిది ఈ మోకాలి వల్ల.”

అరుణ అత్తగారికి విడమర్చి చెప్పింది. బాలనాగమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంది.

“అంటే పన్లోంచి తీసేసేరా?”

“తీసేశారు.”

“మరి దాన్ని రిలీజనడమెందుకు? ఏదో మంచి జరిగినట్టు.”

బాలనాగమ్మ స్టూలు ఒక్క జానెడు పక్కకి జరుపుకుంది. లేచి బూట్లు లోపలికి తేవడానికి మాత్రం మనసొప్పలేదు. పొద్దున్న బయటపెట్టినవి పొద్దున్నే లోపలికి తెస్తే ఇక ఆవిడ మాటకి విలువేముంటుంది.

అరుణ టీ పెట్టి తెచ్చింది. తను కూడా కప్పు తీసుకుని ఎదురుగా కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆవిడకి ఈ మనిషి అద్దె గదిలో ఉండే మనిషి, అంతే. ఇప్పుడు ఏదో అడగాలనిపించింది. ఇన్ని ఊళ్ళు తిరిగిన మనిషి ఇంకొకరు దొరికితే అడుగుదామని ఎప్పట్నుంచో మనసులో ఉన్న ప్రశ్న.

“ఎన్ని ఊళ్ళు తిరిగారు మొత్తం?”

“లెక్కపెట్టడం మానేశాను. గ్రిమ్స్‌బీ, హల్, డండీ. తర్వాత ఫిన్లాండు. తర్వాత డర్బన్, హాంకాంగ్, పెర్త్, పెనాంగ్. మధ్యలో చిన్నచిన్నవి కొన్ని ఉన్నాయి. వాటి పేర్లు వాళ్ళకే గుర్తుండవు.”

“కొత్త ఊళ్ళో దిగగానే ముందు ఏం చూస్తారు?”

“ఎండ,” అన్నాడు లెస్, వెంటనే.

“ఎండా?”

“వింగర్ గ్రౌండుకి ఓ చివర, తెల్లగీత పక్కన నిలబడతాడు. ఆటంతా మధ్యలో జరుగుతుంటుంది. బంతి మనదాకా వస్తే పరిగెత్తాలి. రాకపోతే నిలబడాలి. సాయంత్రం మ్యాచిలో సగంసేపు ఎండ సరిగ్గా కళ్ళలో కొడుతుంది. అది ఏ సగమో ముందే తెలుసుకుంటాను. డర్బన్ ఎలా ఉంటుంది, పెర్త్ ఎలా ఉంటుంది అని ఎవరైనా అడిగితే నేను చెప్పగలిగింది అంతే. ఎండ ఎటునుంచి పడుతుందో చెప్పగలను.”

అరుణ వంటింటి కిటికీ వైపు చూసింది. బయట గడ మీద చొక్కాలు చేతులు చాపుకుని ఆరుతున్నాయి.

“నేనూ అదే చూస్తాను,” అంది. “బట్టలకి. పుణెలో బాల్కనీకి పొద్దున్నే పడేది. జకర్తాలో మధ్యాహ్నం దాకా ఉండేది కాదు, దుప్పట్లు ఆరేవి కావు. ఇక్కడ పదింటికి మొదలై మూడింటికి అవతలి బ్లాకు వెనక్కి పోతుంది.”

ఇద్దరూ కాసేపు టీ తాగారు. ఒకరి పని ఇంకొకరికి తెలిసినప్పుడు కలిగే చిన్న సంతోషం అది. అరుణకి ఆ సంతోషం కలిగి చాలా కాలమైంది.

“బంతి రాకపోతే? ఇటు వెయ్యమని అరవరా?”

“మొదట్లో తెగ అరిచేవాణ్ణి. మధ్యలో ఆడేవాళ్ళకి వినపడదు. వినపడినా వాళ్ళ కంగారు వాళ్ళది. తర్వాత అరవడం మానేశాను. మానెయ్యడం తప్పు. నిలబడి నిలబడి కాళ్ళు చల్లబడిపోతాయి. అప్పుడు నిజంగా బంతి వచ్చినా పరిగెత్తలేం.”

అరుణ కప్పులోకి చూసింది. “మీ ఆవిడ మీతో వచ్చేవారా?”

“డర్బన్ దాకా వచ్చింది. హాంకాంగ్ అన్నప్పుడు రాలేదు.”

“ఎందుకు రానన్నారు?”

“రానని అనలేదు. పెట్టె సర్దలేదు.” లెస్ మోకాలు నిమురుకున్నాడు. “తప్పు నాదే. ప్రతి క్లబ్బూ నన్ను వద్దంటూనే ఉంది. నేను మాత్రం ఇంటికొచ్చి, ఈ ఊరు నాకు నచ్చట్లేదు, అక్కడ ఇంకా బాగుంటుంది అనేవాణ్ణి. రిలీజ్ చేశారని ఒక్కసారీ చెప్పలేదు. ఆవిడ దృష్టిలో నేను ఎక్కడా కాలు నిలవని మనిషిని. నిజానికి ఎవరూ నన్ను ఎక్కడా నిలబడనివ్వలేదు. నిన్న మొదటిసారి ఉన్నమాట చెప్పాను. ఒక్కోచోటా ఏం జరిగిందో వరసగా చెప్పుకొచ్చాను. నానమ్మ విన్నది అదే.”

“ఆవిడేమన్నారు?”

“స్టవ్ మీద ఏదో ఉంది, మళ్ళీ చేస్తానని పెట్టేసింది. ఇంకా చెయ్యలేదు.”

అరుణ కప్పు బల్ల మీద పెట్టేసింది. ఎదుటివాడి బాధకి జాలి పడింది. జాలి వెనకాల ఇంకేదో కదిలింది కానీ అదేమిటో ఆవిడ ఇంకా గుర్తుపట్టలేదు.

“ఇవన్నీ మీ ఆయనకి తెలుసు,” అన్నాడు లెస్. “రోజూ చెబుతూనే ఉన్నాను కదా. ఆయనా బెంచి మీదే, నేనూ బెంచి మీదే. ఇద్దరికీ కాలక్షేపం.”

“ఏ బెంచి?”

“ఆఫీసు క్రికెట్ జట్టులో. జనవరి నుంచీ ఆటకి దింపకుండా బెంచి మీద కూర్చోబెట్టారటగా. పొద్దున్నే వుడ్‌ల్యాండ్స్‌లో మా గ్రౌండుకి వస్తాడు. పైవరసలో కూర్చుంటాడు. టై తీసి జేబులో పెట్టుకుంటాడు. ఆటకి ఇంత సమయం ఇచ్చే ఆఫీసు ఎక్కడా చూడలేదు నేను. మంచి కంపెనీ.”

జనార్దన్ జన్మలో క్రికెట్ బ్యాటు పట్టుకోలేదు.

సాఫ్ట్‌వేరు మొగుడున్న ఏ తెలుగు ఇల్లాలికైనా బెంచి అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. కంపెనీలో పేరుంటుంది, చేతిలో పని ఉండదు. ప్రాజెక్టు నుంచి తీసేస్తారు, ఇంకో ప్రాజెక్టు దొరికేదాకా ఊరికే కూర్చోబెడతారు. దొరక్కపోతే ఇంటికి పంపిస్తారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఆ మాట గొంతు తగ్గించి అంటారు. పాపం, వాళ్ళాయన బెంచి మీదున్నాడట అని. అరుణ కూడా అలా అన్నది, ఎవరి గురించో.

చొక్కాలు గుర్తొచ్చాయి ఆవిడకి. రోజూ ఇస్త్రీ చేసి ఇస్తోంది. రోజూ కాలరు చెమటతో తడిసి వస్తోంది. ఏసీ ఆఫీసులో ఇంత చెమటేమిటని ఒకట్రెండుసార్లు అనుకుంది కూడా. అనుకుని, ఉతికి, ఆరేసింది.

“చెప్పకూడనిదేమైనా చెప్పానా?” అన్నాడు లెస్. ఆవిడ ముఖం చూసి అతనికి అనుమానం వచ్చింది.

“లేదు. ఇంకొంచెం టీ పెడతాను.”

“బెంచీ అంటన్నాడేంటి?” అంది గుమ్మంలోంచి బాలనాగమ్మ.

“ఏం లేదత్తయ్యా. వాళ్ళ ఆటలో ఏదో.”

అనేశాక అరుణకి తనమీద తనకే కోపమొచ్చింది. మొగుడు అబద్ధం చెప్పాడని తనకి తెలిసి రెండు నిమిషాలు కాలేదు, అప్పుడే తను దాన్ని కాపాడుతోంది.

జనార్దన్ మధ్యాహ్నం వచ్చాడు. శనివారం సగంపూట ఆఫీసు అని చెప్పి వెళ్ళిన మనిషి, మెడలో టై బిగించుకుని, చేతిలో గోరెంగ్ పిసాంగ్ పొట్లంతో వచ్చాడు. హాకర్ సెంటరులో అమ్మే ఆ అరటిపండు బజ్జీలంటే రుచితకి ప్రాణం.

“అమ్మా, గుమ్మంలో కూర్చున్నావేంటి? ఈ బూట్లేంటి బయట?”

“అదో పెద్ద కథలేరా. లోపలికి రా.”

జనార్దన్ బూట్లు విప్పి, పొట్లం కూతురికిచ్చి, కుర్చీలో కూర్చున్నాడు. లెస్ అప్పటికే గదిలోకి వెళ్ళిపోయి తలుపేసుకున్నాడు. అరుణ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది.

“పని ఎక్కువగా ఉందా?”

వారం తర్వాత భార్య నేరుగా పలకరించేసరికి జనార్దన్ తడబడ్డాడు. తర్వాత సంతోషపడ్డాడు.

“ఆఁ. టెస్టింగ్ నడుస్తోంది కదా.”

“ఎండగా ఉందా?”

“ఆఫీసులో ఎండేంటి?”

“వుడ్‌ల్యాండ్స్‌లో. పైవరసలో కూర్చుంటే ఎండ ఎటునుంచి పడుతుందో అని.”

జనార్దన్ గ్లాసు ఎత్తబోయినవాడు ఎత్తలేదు. గది తలుపు అవతల లెస్ వింటున్నాడో లేదో, విన్నా అతనికి తెలుగు రాదు.

“ఆయన చెప్పాడా?”

“ఆయన్నేమీ అనకండి. మీరు క్రికెట్ ఆడతారనుకుంటున్నాడు.”

“బెంచి మీదున్నానంటే అలా అనుకున్నాడు. నేను సరిదిద్దలేదు.” జనార్దన్ టై వదులు చేసుకున్నాడు. “సరిదిద్దాలనిపించలేదు. క్రికెటర్ననుకునేవాడు ఒక్కడైనా ఉంటే బాగుందనిపించింది.”

“జనవరి నుంచా?”

“ఆఁ. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని రెండేళ్ళు తిండీ నిద్రా లేకుండా పనిచేశాం కదా. ఒక్కటీ ఆగలేదు. ఆగకుండా చూడటమే మా పని. ఆగకపోయేసరికి, ఇంత డబ్బు దేనికి తగలేశామని అడుగుతున్నారు. ఇప్పుడు ఊరంతా డాట్‌కామ్, అందరికీ జావా కావాలి. నాది పాతకాలపు కోబాల్. నిన్నగాక మొన్న కాలేజీలోంచి వచ్చిన పిల్లలు నన్ను అంకుల్ అంటున్నారు, అరుణా.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు కొత్త ఉద్యోగం సంతోషంలో ఉన్నావు.”

“అందుకని ఆ ఉద్యోగం మానేసి డబ్లిన్ రమ్మన్నారు.”

జనార్దన్ గ్లాసుని బల్ల మీద అటూ ఇటూ జరిపాడు. ఆవిడ అరిచి ఉంటే అతనూ అరిచేవాడు. అరవలేదు. కోపం కంటే ఆవిడ గొంతులో తెలుసుకోవాలన్న పట్టుదల ఎక్కువగా ఉంది. అది అతన్ని ఇంకా భయపెట్టింది.

“ఒకటడుగుతాను, నిజం చెప్పండి. పుణె ఎందుకు వదిలాం?”

“జకర్తా ఆఫరొచ్చింది కదా.”

“ఆఫర్ ముందొచ్చిందా, ప్రాజెక్టు ముందైపోయిందా?”

“ప్రాజెక్టే ముందైపోయింది. రిలీజ్ చేశాక ఆఫరొచ్చింది.”

“జకర్తా?”

“అదీ అంతే.”

“కౌలాలంపూర్? అక్కడ మీకు రోడ్లు నచ్చలేదన్నారు. గాలి పడట్లేదన్నారు.”

జనార్దన్ తల దించుకున్నాడు.

అరుణ కుర్చీలో కూలబడింది. ఇన్నేళ్ళూ తన మొగుడికి పెద్ద పెద్ద ఆశలున్నాయని, వాటి వెనకాల తను పరిగెత్తలేకపోతోందని అనుకుంది. అమ్మకి అలాగే రాసింది. స్నేహితురాళ్ళకి అలాగే చెప్పుకుంది. కొన్నిసార్లు గర్వంగా కూడా చెప్పుకుంది. ఆవిడకి ఏడుపొచ్చింది. వదిలేసిన ఉద్యోగాల కోసం కాదు. ఇతను ప్రతిసారీ ఒక్కడే భయపడ్డాడు, పక్కనే పడుకుని తనకి తెలియలేదు. అందుకు.

“వీణ్ణి కూడా రిలీజు చేసేరా?” అంది బాలనాగమ్మ.

ఇద్దరూ ఆవిడ అక్కడుందన్న సంగతే మర్చిపోయారు.

“చేశారత్తయ్యా. చాలాసార్లు.”

బాలనాగమ్మ పొద్దుట్నుంచి మొదటిసారి స్టూలు మీంచి లేచింది. గేటు తీసుకుని కారిడార్లోకి వెళ్ళింది. ఫుట్‌బాల్ బూట్లు రెండూ చేత్తోనే ఎత్తి తెచ్చి, అరలో కొడుకు ఆఫీసు బూట్ల పక్కన పెట్టింది. చేతిసంచీ తెచ్చి లెస్ గది తలుపుకి ఆనించింది. ఈసారి చేతులు కడుక్కోలేదు.

“జైలైనా బాగుండేది,” అంది, కొడుకుని చూస్తూ. “ఎక్కడున్నాడో ఇంట్లోవాళ్ళకి తెలిసేది.”

ఆ మాట జనార్దన్‌కి ఎక్కడో తగిలింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, గడ మీది తన చొక్కాల్ని చూస్తూ నిలబడ్డాడు. ఎండ అవతలి బ్లాకు వెనక్కి పోతోంది.

అరుణ కళ్ళు తుడుచుకుంది.

“నేను డబ్లిన్ రాను. రుచిత రాదు. మీరొక్కరే వెళ్తానంటే...”

“నన్ను రిలీజ్ చేస్తున్నావా?” అన్నాడు జనార్దన్. నవ్వుతూ అందామనుకున్నాడు. నవ్వు రాలేదు, మాట మాత్రం వచ్చేసింది.

“లేదు. బెంచి మీద కూర్చోబెడుతున్నాను. ఈ ఇంట్లోనే.” అరుణ లేచి అతని పక్కకి వెళ్ళింది. “సోమవారం నన్ను పర్మనెంటు చేస్తున్నారు. అది మీకు చెప్పలేదు నేను. అదీ తప్పే. నా జీతంతో గడుస్తుంది. మీరు ఆ జావా ఏదో నేర్చుకోండి, టై లేకుండా కూర్చుని. కుదిరినన్నాళ్ళు కూర్చోండి. ఎవరైనా అడిగితే మా ఆయన బెంచి మీదున్నాడని నేనే చెబుతాను, గొంతు తగ్గించకుండా.”

జనార్దన్ తిరిగి ఆవిణ్ణి చూశాడు. అలాంటి మాట కోసం అతను ఎన్ని ఊళ్ళు తిరిగాడో ఆ క్షణంలో అతని ముఖంలో కనిపించింది. వెంటనే ఆ ముఖమే పాలిపోయింది.

“ఈ మాట నిన్న చెప్పి ఉంటే బాగుండేది,” అన్నాడు.

“నిన్నటికీ ఇవాళ్టికీ ఏమైంది?”

“నిన్న సాయంత్రం డబ్లిన్‌కి సైన్ చేసేశాను.”

“ఎవరి తరఫున?”

“మన ముగ్గురి తరఫున. ఫ్యామిలీ కాంట్రాక్టని ఇచ్చారు. రుచిత మానేస్తుందని స్కూల్లో కూడా చెప్పేశాను.”

రుచిత చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. అరుణ కిటికీలోంచి గడ లోపలికి లాగి, ఒక్కొక్క చొక్కా తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. కాలర్ల దగ్గర ఇంకా తడిగానే ఉన్నాయి. అయినా మడతపెడుతోంది.

“సైనంటే ఏంటే?” అని మనవరాల్ని మెల్లగా అడిగింది బాలనాగమ్మ.

రుచిత ఈసారి ఇంగ్లీషు కలపలేదు.

“అంటే మనం వెళ్ళిపోతున్నామని, నానమ్మా.”

బాలనాగమ్మ పక్కకి జరిపిన ప్లాస్టిక్ స్టూలు మళ్ళీ గుమ్మానికి అడ్డంగా లాక్కుంది. ఈసారి ముఖం కొడుకు వైపు పెట్టి కూర్చుంది.